తొలి విల్లు: నల్లమల చెంచుల వేట చరిత్రపై ఒక పరిశీలన

మన సాహిత్యంలో చెంచువాడు విల్లు లేకుండా కనిపించడు. యక్షగానంలో గాని, సినిమాలో గాని, పిల్లల వాచకంలోని బొమ్మలో గాని వాడు ఎప్పుడూ విల్లు ఎక్కుపెట్టే వుంటాడు. అహోబిల నరసింహుడు చెంచుపడుచును వలచిన కథ 1943లో ఒకసారి, 1958లో మరొకసారి ‘చెంచులక్ష్మి’ పేరుతో తెర కెక్కింది. రెండుసార్లూ విల్లు అలంకారమే. ఆ విల్లు ఏ కర్రతో చేశారు? దాన్ని ఎవరు ఎంచారు? అది ఎవరి కడుపు నింపింది? చివరికి ఎవరు దాన్ని దించమన్నారు? ఈ ప్రశ్నలు మన కవులూ అడగలేదు, మన విమర్శకులూ అడగలేదు.

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల చరిత్ర రాసేవారు సామాన్యంగా కంభం చెరువుతో మొదలుపెట్టి, విజయనగర రాజుల మీదుగా కుంఫిణీ పాలనకు వస్తారు. చెరువుకు పడమట గోడలా నిలిచిన నల్లమల ఆ చరిత్రలో ఒక నేపథ్యం మాత్రమే. అడవికి చరిత్ర లేదనీ, అడవిలో మనిషి అనాదిగా ఒకే తీరున వున్నాడనీ మనకొక నమ్మకం. ఈ నమ్మకం తప్పని చెప్పడానికి నేను ఒకే ఒక వస్తువును తీసుకుంటున్నాను. అది దుప్పివేటకు కుర్రవాడి చేతికి వచ్చే మొదటి విల్లు. ఒకప్పుడు దాన్ని కుర్రవాడి భుజబలం నిర్ణయించింది. తరువాత అడవిశాఖ నిర్ణయించింది. ఇప్పుడు చట్టం ఆ విల్లును పూర్తిగా దించివేసింది. ఈ మూడు దశలమధ్య జరిగినదే నల్లమల చరిత్రలో ముఖ్యభాగమని నా అభిప్రాయం.

ముందు సాహిత్యం సాక్ష్యం చూద్దాం. తెలుగుదేశానికి చెందిన వేటగాళ్లలో అందరికంటె ప్రసిద్ధుడు తిన్నడు, అంటే కన్నప్ప. అతడు చెంచు కాడు, బోయ. అతని వూరు పొత్తపినాడులోనిది. అది నేటి కడప సీమలోని రాజంపేట వైపు ప్రాంతం, నల్లమలకు దక్షిణాన వున్న మరొక అడవిసీమ. 12వ శతాబ్దంలో సేక్కిళార్ తమిళంలో రాసిన పెరియ పురాణంలో ఈ తిన్నడికి విల్లు పట్టించే ఉత్సవం విపులంగా వుంది. తండ్రి మంచిరోజు చూసి చుట్టుపక్కల గూడేల నన్నింటినీ పిలుస్తాడు. బంధువులు కానుకలతో వస్తారు. ఆ తరువాతే పిల్లవాడు విల్లు ముట్టుకుంటాడు. 16వ శతాబ్దంలో ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో అదే తిన్నడి బాల్యాన్నీ వేటనూ తెలుగు చేశాడు.

ఈ కవులిద్దరూ వేటగాణ్ణి భక్తుడిగా మార్చడానికే ఆ వేటను వర్ణించారు. అది వారి ప్రయోజనం. అయినా వారికి తెలియకుండానే ఒక సామాజిక సత్యం ఆ కావ్యాలలో దాగివుంది. విల్లు అందుకోవడం ఒక కుర్రవాడి సొంత వ్యవహారం కాదు, గూడెమంతటి వ్యవహారం. పైకులాల ఇళ్లల్లో ఉపనయనం ఎట్లాంటిదో, బడి వున్న ఊళ్లల్లో అక్షరాభ్యాసం ఎట్లాంటిదో, వేటబతుకులో విల్లు పట్టడం అట్లాంటిది. తేడా ఒక్కటే. జంధ్యం వేసుకున్నవాడు మరునాటినుండి అన్నం సంపాదించనక్కరలేదు. విల్లు పట్టినవాడు సంపాదించాలి.

ఇక విల్లును పనిముట్టుగా చూద్దాం. మన భాషలో దానికి చాలా మాటలున్నాయి. వింటి కొస వింటికొప్పు, తాడు అల్లె, బాణపు ఇనుప మొన అలుగు, తోక ఈకలు గరులు. ఈ మాటలు ఇప్పుడు నిఘంటువులలో నిద్రపోతున్నాయి. కాని ఒకప్పుడు ఇవి కావ్యాలకోసం పుట్టినవి కావు, చేతికోసం పుట్టినవి.

నల్లమల వానలు తక్కువగా పడే ఆకురాలు అడవి. ఇట్లాంటి చోట పెరిగే సన్నజాతి వెదురు లోపల బోలు తక్కువగా, గట్టిగా వుంటుంది. వెదురులో నారంతా బయటి చర్మంవైపు దట్టంగానూ, లోపలివైపు పలుచగానూ వుంటుంది. అందుచేత చీల్చిన వెదురుబద్ద వంగుతుంది గాని తొందరగా విరగదు, వంచి వదిలితే మళ్లీ తన రూపానికి వస్తుంది. లేత వెదురు వంగి అట్లాగే వుండిపోతుంది, ఎండి పగిలినది విరుగుతుంది. ముదిరినదాన్ని ఎంచి, కొట్టి, నీడన ఆరబెట్టి, రెండు కొమ్మలూ సమంగా వంగేదాకా కత్తితో గీకడంలోనే పనితన మంతా వున్నది. ఒక కొమ్మ మొండిగా, మరొకటి మెత్తగా వుంటే బాణం దారి తప్పుతుంది.

మొదటి విల్లు ఎంచడంలో పెద్దవాళ్లు చూడవలసినవి మూడు. మొదటిది, పిల్లవాడు దాన్ని చెవిదాకా లాగి, చేయి వణక్కుండా కొంతసేపు పట్టగలడా? దుప్పి తల ఎత్తి చూస్తే అది మళ్లీ మేతకు వంగేదాకా అట్లాగే నిలబడాలి. మోతాదు మించిన విల్లు గురిని చెడగొడుతుంది, మొదటి ఏడాదే చెడిన గురి జీవితాంతం వెంటవస్తుంది. రెండవది, దాని బలం వేటకు చాలునా? ఉడుమును కొట్టే విల్లు దుప్పిని కొట్టలేదు. చాలని విల్లుతో కొట్టిన బాణం చర్మంలో గుచ్చుకుని, జంతువు గాయంతో పరుగెత్తి ఎక్కడో చస్తుంది. అది వేటగాడికి మాంసమూ కాదు, అడవికి మేలూ కాదు. మూడవది, అది విరిగితే అడవిలోనే మరొకటి చేసుకోగలడా? ఈ మూడవ లక్షణమే గిరిజనుడి వింటిని అంగడి వింటినుంచి వేరు చేస్తుంది.

అంగడి విల్లంటే ఏమిటో కూడా చెప్పాలి. అమెరికాలో నేడు దుప్పివేటకు మొదటి విల్లు కొనేవాడికి దుకాణంలో లెక్క చెబుతారు. చేతులు బారచాపి ఆ బారను అంగుళాలలో కొలిచి రెండున్నరతో భాగించితే అతడు లాగవలసిన పొడవు వస్తుంది. విల్లు లాగుబలం ఇన్ని పౌన్లకు తక్కువ వుండరాదని అక్కడి పలు రాష్ట్రాలు చట్టంలోనే రాశాయి. చాలాచోట్ల ఆ అంకె 30కీ 40కీ మధ్య వుంటుంది. కప్పీలు బిగించిన విల్లుకు అక్కడ 1969లో పేటెంటు ఇచ్చారు. దాన్ని పూర్తిగా లాగినాక చేతిమీద బరువు తగ్గిపోతుంది, ఎంతసేపైనా పట్టి నిలబడవచ్చు. పైన చెప్పిన మొదటి రెండు ప్రశ్నలకూ అంకెలూ యంత్రమూ జవాబు చెప్పాయన్నమాట. మూడవ ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు. విరిగితే మరొకటి కొంటారు.

ఆ అమెరికా వింటివేటకు ఒక పుట్టుక వున్నది. కాలిఫోర్నియాలో వలసవాసులు యాహీ జాతిని దాదాపు తుడిచిపెట్టారు. మిగిలిన ఒకే ఒక్కడు 1911లో ఓరోవిల్ ఊరి అంచున ఆకలితో కనిపించాడు. మ్యూజియంవారు అతనికి ఇషి అని పేరు పెట్టి తమ భవనంలోనే వుంచారు. పక్క ఆసుపత్రి వైద్యుడు శాక్స్‌టన్ పోప్ అతనివద్ద విల్లు చేయడం, జంతువును సమీపించడం నేర్చుకున్నాడు. ఇషి 1916లో క్షయతో చనిపోయాడు. 1923లో పోప్ విల్లంబులవేటపై పుస్తకం ప్రచురించాడు, వింటివేట అక్కడ వినోదంగా వ్యాపించడానికి ఆ పుస్తకమే పునాది అయింది. ఎవడి జీవనం తీసివేశారో వాడి పనితనాన్ని వినోదంగా నిలుపుకోవడం చరిత్రలో ఒక్క కాలిఫోర్నియాకే పరిమితం కాదు.

మళ్లీ నల్లమలకు వద్దాం. చెంచు వింటిలో కర్రా తాడూ అడవివి. అలుగు మాత్రం అడవిది కాదు. ఇనుము కాచి సాగగొట్టే వృత్తి చెంచులది కాదు, అది మైదానంలోని కమ్మరిది. తేనె, మైనం, కుంకుళ్లు, సారపప్పు, జిగురు కిందికి దిగేవి. ఉప్పు, బట్ట, గొడ్డలి, అలుగు పైకి ఎక్కేవి. చెంచులు లోకంతో సంబంధం లేని ఆదిమానవులనే మాటను ఈ చిన్న ఇనుపమొన ఒక్కటే పూర్వపక్షం చేస్తుంది. కొలిమికీ కొండకూ మధ్య మారకం వున్నది. మారకమున్నచోట బేరమున్నది, బేరమున్నచోట మోసానికీ అప్పుకూ చోటున్నది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది ఆ మోసాన్ని అరికట్టడానికే.

మరొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. విల్లు చుట్టూ అల్లిన కీర్తిలో తవ్వుగోల మరుగున పడిపోయింది. హైదరాబాదు సంస్థానంలో 1940లో అమ్రాబాదు చెంచులమధ్య వుండి పరిశీలించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ తన గ్రంథాన్ని 1943లో ప్రకటించాడు. అడవి దుంపలూ, పళ్లూ, ఆకులూ వారి బతుకుకు ఎంత ముఖ్యమో ఆ గ్రంథం చదివితే తెలుస్తుంది. వేట రోజూ ఫలించదు. దుప్పి దొరికిన నాడు పండుగ, దొరకని నాడు దుంప. దుంప తవ్వేది ఎక్కువగా ఆడది. ఆమె కర్రమీద కావ్యం లేదు, సినిమా లేదు. వీరుణ్ణి వెదికే మన సాహిత్యదృష్టి కూలిని చూడలేకపోవడం అడవిలోనూ జరిగింది.

ఇప్పుడు రెండవ దశకు వస్తున్నాను. మార్కాపురం, కంభం తాలూకాలు 1858లో కడప జిల్లానుండి విడదీసి కర్నూలు జిల్లాలో కలిపారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇవి కర్నూలువే. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. రిజర్వు చేసిన అడవిలో ప్రభుత్వ నియమాలకు విరుద్ధంగా వేటాడినా, చేపలు పట్టినా, వలా ఉచ్చూ పన్నినా నేరమని ఆ చట్టంలోని 21వ సెక్షను చెప్పింది. అదే 1880లలో నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య కనుమను తొలిచి మీటరు గేజి రైలు వేశారు. బొగడ, చలమ, దిగువమెట్ట స్టేషన్లు అడవి నడుమ లేచాయి. కలపకూ వెదురుకూ దారి ఏర్పడింది.

ఈ రెండు సంఘటనలనూ కలిపి చదవాలి. చట్టం అడవిని సర్కారు ఆస్తి చేసింది, రైలు ఆ ఆస్తిని సరుకు చేసింది. వెదురు అప్పటిదాకా చెంచువాడి విల్లు, వాడి బుట్ట, వాడి ఇంటి దడి. ఇప్పుడది లెక్కల పుస్తకంలో ఒక పద్దు. కొన్ని రాయితీలు ఇచ్చిన మాట నిజమే. కాని రాయితీ వేరు, హక్కు వేరు. హక్కు మనిషితోపాటు పుడుతుంది, రాయితీ గార్డు మొహం చూసి బతుకుతుంది. నియమాల ప్రకారం లైసెన్సు పొందిన దొరగారు తుపాకీతో గుడారం వేసుకుని వేటాడవచ్చు. ఆయనకు జాడ చూపించేది చెంచువాడే. జాడ చూపినప్పుడు వాడు నేర్పరి, తనకోసం కొట్టుకున్నప్పుడు దొంగ.

ఇది మనదేశంలో పుట్టిన విద్య కాదు. ఇంగ్లండులో నార్మను రాజులు అడవులను తమ వేటకు ప్రత్యేకించుకుని, దుప్పిని కొట్టిన రైతుకు కఠినశిక్షలు విధించారు. రాజుగారి వేటజంతువు కోసం ఎవ్వరూ ప్రాణం గాని అవయవం గాని పోగొట్టుకోరాదని 1217 నాటి అటవీ శాసనంలో రాయించుకోవడానికి అక్కడివారు పోరాడవలసివచ్చింది. అయినా 1723లో నల్లచట్టం పేరుతో, ముఖానికి మసి పూసుకుని దుప్పిని వేటాడినవాడికి మళ్లీ ఉరి విధించారు. ఇంగ్లీషు రైతు తరతరాలుగా భరించిన నీతిని ఇంగ్లీషు పాలకవర్గం ఓడలో ఎక్కించి మన కొండలకు తెచ్చింది.

మూడవ దశ మన సొంత ప్రభుత్వానిది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులో ఆయుధమంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో తుపాకీ, విషం, వల, ఉచ్చులతోపాటు విల్లంబులు కూడా పేరుపేరునా చేరాయి. ఆ చట్టంలోనే మొదట చిన్నవేటకూ పెద్దవేటకూ వేరువేరు లైసెన్సులుండేవి. రుసుము కట్టగలిగినవాడి వేట చట్టసమ్మతం, కట్టలేనివాడి వేట నేరం. 1991 సవరణతో ఆ లైసెన్సులూ పోయాయి. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం ఏర్పడి, 1983లో పులుల పథకంలో చేరింది. 3,568 చదరపు కిలోమీటర్లతో అది అప్పట్లో దేశంలోకెల్లా పెద్ద పులుల రక్షితప్రాంతం. మార్కాపురం వైపు అడవి అందులోనిది. 1990లో గిద్దలూరు, నంద్యాల అడవులలో గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ప్రకటించారు. పాలుట్ల, తుమ్మలబైలు వంటి గూడేలు ఈ అడవి కడుపులోనే వున్నాయి.

ఇక్కడ నా మాటను ఎవ్వరూ అపార్థం చేసుకోకుండా వుండాలి. దుప్పివేటను మళ్లీ అనుమతించాలని నేను వాదించడం లేదు. దుప్పి, కణితి లేని అడవిలో పులి బతకదు. తుపాకీ, రోడ్డు, కలప కంట్రాక్టు, పులిచర్మపు బేరం ఇవన్నీ కలిసి అడవిని పలుచన చేసిన తరువాత విల్లుకు కూడా వెనుకటి చోటు మిగలలేదు. నా వాదం వేరు. అడవిని పలుచన చేసినవాళ్లలో విల్లు పట్టినవాడు ఎన్నోవాడు? శిక్షలో మాత్రం వాడు ఎందుకు మొదటివాడు?

చట్టం లోపల ఉన్న రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. 1972 చట్టంలోని 65వ సెక్షను నికోబారు దీవుల గిరిజనుల వేటహక్కులకు ఈ చట్టం అడ్డురాదని చెబుతుంది. అంటే వేటబతుకు అనేది ఒకటున్నదని మన శాసనకర్తలకు తెలుసు, కాని ఆ తెలివి సముద్రం దాటినాకే కలిగింది. 2006 అటవీహక్కుల చట్టం పీఠికలో గిరిజనులకు చారిత్రకంగా అన్యాయం జరిగిందని ఒప్పుకుని, భూమిపై, చిన్నతరహా అటవీ ఫలసాయంపై వారికి హక్కులిచ్చింది. వెదురును కూడా ఆ ఫలసాయంలోనే చేర్చింది. అయితే మూడవ సెక్షనులో సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే వేటను పేరుపెట్టి మినహాయించింది. చెంచువాడికి వెదురు తిరిగి వచ్చింది, విల్లు మాత్రం రాలేదు.

సరే, రాకపోనీ. ప్రజలందరి మేలుకోసం ఒక జాతి తన తిండిలో ఒక భాగాన్ని వదులుకోవలసివస్తే, దానికి బదులేమిటని అడగడం ఆ జాతికున్న హక్కు. ఆ బదులు దానం కారాదు, బాకీ కావాలి. గడ్డలు తవ్వుకునే హక్కు, తేనె తీసుకునే హక్కు, సాగుచేసే చెలకకు పట్టా, గూడేనికి సామూహిక హక్కుపత్రం ఇవన్నీ 2006 చట్టంలో వున్నవే. కొత్తగా అడిగేదేమీ లేదు. రెండవది పని. పులిజాడ తీయడానికీ, అడవి కాపలాకూ అటవీశాఖ చెంచులనే తీసుకుంటున్నది. మంచిదే. దుప్పి ఎటు వెళ్లిందో చెప్పగలిగినవాడికే పులి ఎటు వెళ్లిందో తెలుస్తుంది. తరతరాల వింటివిద్యలో నూటికి తొంభైపాళ్లు ఈ చూపే, బాణం వదలడం చివరి క్షణం మాత్రమే. ఆ చూపుకు తాత్కాలికపు కూలి ఇచ్చి సరిపెట్టడం న్యాయం కాదు. అది ఒక శాస్త్రమని గుర్తించి, శాశ్వతమైన ఉద్యోగమూ హోదా ఇవ్వాలి.

ఇక విల్లు ఏమయింది? ఉత్సవాలకు మిగిలింది. అహోబిలంలో కనుమనాడు మొదలయ్యే పారువేటలో స్వామి వేటకు బయలుదేరుతాడు. చెంచులు ఆయన అత్తవారని గౌరవం. దేవుడి వేటకు చట్టం అడ్డురాదు, ఎందుకంటే ఆయన ఆకలికోసం వేటాడడు. మంత్రుల సభలలో వేదికమీది పెద్దలకు విల్లంబులు కానుకగా ఇస్తారు, పెద్దలు ఫొటోకోసం ఎక్కుపెడతారు. ఆ విల్లులో లాగుబలం ఎంతో, అల్లె బిగువుందో లేదో ఎవరూ చూడరు. చూడనక్కరలేదు కూడా. పనిముట్టు పని పోగొట్టుకున్న రోజునుంచే అలంకారమవుతుంది. మన సాహిత్యం మొదటినుంచీ దాన్ని అలంకారంగానే చూసింది గనుక, ఈ మార్పు మనకు కనబడలేదు.

అందుచేత మన రచయితల ముందు కొన్ని పనులున్నాయి. నల్లమలలో విల్లు చేయడం తెలిసిన పెద్దవాళ్లు వున్నంతలోనే ఆ పనితనాన్నీ, ఆ పనికి సంబంధించిన మాటలనూ వారి నోటినుంచే రాసుకోవాలి. అలుగు, గరి, వింటికొప్పు అనే మాటలు నిఘంటువులో దొరుకుతాయి. ఏ కాలంలో ఏ కర్ర కొట్టాలో, ఏ గాలిలో దుప్పిని ఏ వైపునుంచి సమీపించాలో చెప్పే మాటలు నిఘంటువులో లేవు. చెంచుకథ రాసేవారు విల్లుతోపాటు తవ్వుగోలనూ, కమ్మరినీ, గార్డునూ, హక్కుపత్రంకోసం చేసిన దరఖాస్తునూ కథలోకి రానివ్వాలి.

మార్కాపురం గనుల పలకలమీద తెలుగుదేశంలో ఎన్నో తరాల పిల్లలు ఓనమాలు దిద్దారు. ఆ గనులకు కొద్దిదూరంలోని గూడెపు పిల్లవాడికి విల్లే మొదటి పలక. దాన్ని దించమన్నాం. మంచిచదువు ఇస్తామన్నాం. విల్లు ఎంచేటప్పుడు వాడి తాత వాడి చేతి బలం చూసి, వాడి పొడవు చూసి, వాడు రేపు ఏ అడవిలో తిరగాలో ఆలోచించి ఎంచేవాడు. మనం ఆ పిల్లవాడికి ఎంచే బడినీ, పాఠాన్నీ, పనినీ అంత శ్రద్ధతో ఎంచుతున్నామా? ఈ ప్రశ్నకు ప్రభుత్వం జవాబు చెప్పాలి. జవాబు చెప్పేదాకా అడుగుతూ వుండడం మన బాధ్యత.